ఉత్తరానికీ నర్సు గదికీ మధ్య: ఇంగ్లండ్‌లో మన ఆడవాళ్లు స్మియర్ టెస్ట్‌కు ఎక్కడ ఆగిపోతున్నారు?

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో మీ తెలుగు సంఘం తరఫున గర్భాశయ ముఖద్వార (గర్భసంచి మూతి) క్యాన్సర్ మీద సదస్సు పెట్టారు. హాలు నిండింది, అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత వాకబు చేస్తే, గడువు దాటిపోయినవాళ్లలో స్మియర్ టెస్ట్‌కు, అంటే ఆ మూతి నుంచి నమూనా తీసి చూసే పరీక్షకు, వెళ్లినవాళ్లు ఒకరో ఇద్దరో. ‘మనవాళ్ల సిగ్గే దీనికి కారణమా? దాన్ని ఎలా పోగొట్టాలి?’ అని అడిగారు.

సిగ్గు ఉంది, కాదనను. కానీ నెపమంతా దాని మీద వేస్తే మిగతా కారణాలు కనబడకుండా పోతాయి. మీ సదస్సుకు వచ్చినవాళ్లు విన్నారు, అర్థం చేసుకున్నారు, వెళ్లాలనే అనుకున్నారు. ఆగిపోయింది ఆ తర్వాత. ఇంటికి వచ్చే ఉత్తరం దగ్గర మొదలై, రిసెప్షన్‌కు చేసే ఫోను, నర్సు గదిలో మంచం, మళ్లీ ఇంటికొచ్చే రిజల్టు వరకు పది చోట్ల మనిషి వెనక్కి తిరగొచ్చు. ఒక్కో చోట ఒక్కో చిన్న అడ్డు. వాటిలో చాలావరకు ముందుగా ఒక మాట చెబితే తొలగిపోయేవే.

ఇది మనవాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. 2024 మార్చి నాటికి ఇంగ్లండ్ మొత్తంలో అర్హులైన ప్రతి వందమందిలో గడువులోపల పరీక్ష అయినవాళ్లు దాదాపు 69 మందే. పెట్టుకున్న లక్ష్యం 80. దక్షిణాసియా, ఆఫ్రికా మూలాల ఆడవాళ్లలో, అందులోనూ ఇక్కడ పుట్టకుండా వలస వచ్చినవాళ్లలో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లలో ఈ సంఖ్య ఇంకా తక్కువని అధ్యయనాలు పదేపదే చెబుతున్నాయి.

అసలు అలవాటే లేదు

ఇక్కడ పుట్టి పెరిగిన అమ్మాయికి ఇరవై నాలుగున్నర ఏళ్లకే మొదటి పిలుపు వస్తుంది. అప్పటికే వాళ్లమ్మో, అక్కో వెళ్లొచ్చి ఉంటారు. మన అమ్మాయి ఇరవై ఎనిమిదేళ్లకు డిపెండెంట్ వీసా మీద దిగుతుంది. ఆమె చూసిన ఆరోగ్య వ్యవస్థలో ఒంట్లో బాగాలేకపోతేనే డాక్టరు దగ్గరికి వెళ్తారు. లోపలి పరీక్ష అంటే కాన్పు సమయంలోనో, తెల్లబట్ట ఎక్కువైనప్పుడో చేసేది. ఏ బాధా లేనప్పుడు ప్రభుత్వం ఉత్తరం రాసి మరీ పిలవడం ఆమెకు కొత్త. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 30–49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతమే. అంటే తల్లి, అత్త, పిన్ని, ఎవరినడిగినా ‘మేమెవరం చేయించుకోలేదే, నీకేమైంది ఇప్పుడు?’ అనే జవాబే వస్తుంది.

‘నీకేమైంది?’ అన్న ఆ ప్రశ్నకు ఇవ్వాల్సిన జవాబు ఒక్కటే: ఏమీ కాలేదు కాబట్టే వెళ్తున్నాను. ఇది క్యాన్సర్‌ను వెతికే పరీక్ష కాదు. క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పట్టే మార్పులను ముందే పట్టుకుని, ఆ కాస్త భాగాన్ని తీసేసే అవకాశం ఇచ్చే పరీక్ష. మీ మాటల్లో ‘క్యాన్సర్ టెస్ట్’ అనడం మానేయండి. ఆ పేరు వింటేనే సగంమంది వెనకడుగు వేస్తారు.

‘నాకెందుకు వస్తుంది, నేనలాంటిదాన్ని కాదు’

నా ఉద్దేశంలో అన్నిటికన్నా గట్టి అడ్డు ఇదే. దీన్ని ఎక్కువమంది బయటికి చెప్పరు కాబట్టి సదస్సుల్లో ఇది ప్రస్తావనకు రాదు. ఈ క్యాన్సర్ దాదాపు అన్ని సందర్భాల్లోనూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. అది శారీరక సంబంధం ద్వారా అంటుతుంది. ఈ ముక్క వినగానే వినేవాళ్ల మనసులో పరీక్ష కాస్తా శీల పరీక్ష అయిపోతుంది. ‘నాకు నా భర్త తప్ప వేరే ఎవరూ తెలియదు, కాబట్టి నాకు అవసరం లేదు’ అనేది ఒక తర్కం. ‘వెళ్తే నా గురించి ఏమనుకుంటారు?’ అనేది రెండో భయం. పెళ్లికాని ఇరవై ఏడేళ్ల అమ్మాయికి ఉత్తరం వస్తే, దాన్ని తండ్రి విప్పితే, ఆ ఇంట్లో జరిగే మాటలు మీరే ఊహించుకోండి.

2019 చివరి నుంచి ఇంగ్లండ్ అంతటా నమూనాను మొదట హెచ్‌పీవీ కోసమే పరీక్షిస్తున్నారు. వైద్యపరంగా ఇది పాత పద్ధతి కన్నా మెరుగు. కానీ దీనితో రిజల్టు కాగితం మీద ‘కణాల్లో మార్పులు’ అన్న మాట కన్నా ముందు ‘హెచ్‌పీవీ ఉంది’ అన్న మాట వచ్చి కూర్చుంది. దాంతో భార్యాభర్తల మధ్య ‘ఎవరి వల్ల?’ అన్న ప్రశ్న లేస్తోంది. అందుకే ఈ నాలుగు సంగతులూ పరీక్షకు ముందే తెలియాలి, రిజల్టు వచ్చాక కాదు.

ఒకటి, ఈ వైరస్ అంటడానికి జీవితంలో ఒక్క భాగస్వామి చాలు. రెండు, పదిమందిలో ఎనిమిది మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. చాలామందిలో రెండేళ్లలోపే దానంతట అదే పోతుంది, వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. మూడు, కొందరిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి తర్వాత బయటపడుతుంది. కాబట్టి ఈ రోజు కాగితం మీద కనిపించింది ఈ ఏడాది సోకినదే అని ఎవరూ చెప్పలేరు. ఇద్దరిలో ఎవరి నుంచి ఎవరికి అన్నది తేల్చే పరీక్షా లేదు. నాలుగు, భర్త పోయి, లేదా విడిపోయి పదిహేనేళ్లయినా అవసరం తీరిపోదు. ‘ఇప్పుడు నాకు ఆ జీవితమే లేదు కదా’ అని మానేసే యాభై ఏళ్లు దాటినవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

ఎప్పుడూ ఎవరితోనూ ఏ రకమైన లైంగిక సంబంధమూ లేనివాళ్లకు ముప్పు చాలా తక్కువ. వాళ్లు వెళ్లకూడదని నిర్ణయించుకోవచ్చు. అది వాళ్ల ఇష్టం. నర్సుతో మాట్లాడి తేల్చుకోవచ్చు, ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. అమ్మాయిల విషయంలో పనికొచ్చేది ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్. దాన్ని సొంత ఫోన్లో పెట్టుకుని నోటిఫికేషన్లు ఆన్ చేసుకుంటే పిలుపు మొదట అందులోకే వస్తుంది. ఇంటికి ఉత్తరం రావడం ఇబ్బందైతే జీపీ (మన పేరు నమోదు చేసుకునే స్థానిక డాక్టరు) దగ్గర ఆ మాట ముందే చెప్పి, ఎలా సంప్రదించాలో రికార్డులో రాయించుకోవచ్చు.

ఉత్తరం ఎక్కడికి పోయింది?

పిలుపులన్నీ జీపీ రిజిస్టర్లో ఉన్న పేరుకు, చిరునామాకు వెళ్తాయి. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మన కుటుంబాలు తరచూ ఇల్లు మారతాయి. బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో చిరునామా మారుస్తారు, జీపీ దగ్గర మార్చరు. అక్కడ మార్చకపోతే ఉత్తరం పాత ఇంట్లో అద్దెకున్న మరెవరి చేతుల్లోనో పడుతుంది. ‘నాకు ఉత్తరమే రాలేదు’ అనేవాళ్లను మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

అసలు జీపీ దగ్గర నమోదే కానివాళ్లూ ఉన్నారు. భర్త పేరు నమోదైంది, పిల్లల పేర్లు టీకాల కోసం నమోదయ్యాయి, ఆమె మాత్రం ‘జబ్బు చేసినప్పుడు చూద్దాం’ అని ఉండిపోయింది. నమోదుకు గుర్తింపు కార్డు గానీ, చిరునామా రుజువు గానీ తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో అడిగితే, ఇవ్వలేని పరిస్థితి ఉంటే, అవి లేకుండానే నమోదు చేయాలన్నది ఎన్‌హెచ్‌ఎస్ నిబంధనే. పరీక్షకు డబ్బులు కట్టక్కర్లేదు. వీసాతో పాటు కట్టిన హెల్త్ సర్‌చార్జీకి మించి ఇందులో ఒక్క పౌండు ఖర్చు లేదు.

మనకే ప్రత్యేకమైన చిక్కు పేరు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, జీపీ దగ్గర మరోలా పడుతుంది. పెళ్లయ్యాక కొందరు భర్త పేరును ఇంటిపేరు చేసుకుంటారు. పుట్టినరోజు కూడా అంతే. పెద్దవాళ్లలో అసలు పుట్టినరోజు వేరు, బడిలో రాయించింది వేరు. అడిగినప్పుడు అలవాటుగా అసలు తేదీ చెప్పేస్తారు. నమూనా సీసా మీద ఉన్న వివరాలు, రికార్డులో ఉన్నవి సరిపోలకపోతే ల్యాబ్ ఆ నమూనాను తిప్పి పంపేస్తుంది, మళ్లీ మొదటి నుంచి అన్నమాట. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పాలి. నర్సు సీసా మీద లేబుల్ అంటించాక ‘పేరు, తేదీ ఒకసారి చూస్తాను’ అని అడిగి చూసుకోవాలి. అర నిమిషం పని.

వయసు, వ్యవధి లెక్క కూడా తేలిగ్గా తికమక పెడుతుంది. 25 నుంచి 64 ఏళ్ల దాకా పిలుస్తారు. 50 దాటినవాళ్లకు ఐదేళ్లకోసారి. 25–49 మధ్య వాళ్లకు ఇంగ్లండ్‌లో ఇదివరకు మూడేళ్లకోసారి ఉండేది. 2025 జూలై 1 నుంచి చేసిన పరీక్షలో హెచ్‌పీవీ లేదని తేలితే వాళ్లకూ ఐదేళ్లకే తర్వాతి పిలుపు. స్కాట్లాండ్, వేల్స్ అంతకుముందే ఐదేళ్లకు మారాయి. కాబట్టి ఒకే ఇంట్లో తోటికోడళ్లకు వేర్వేరు గడువులు ఉండొచ్చు. ఎవరి తేదీ వాళ్లు చూసుకోవాల్సిందే.

సెలవులకు హైదరాబాదో, విజయవాడో వెళ్లినప్పుడు మాస్టర్ హెల్త్ చెకప్‌లో పాప్ స్మియర్ చేయించుకుని ‘నాది అయిపోయింది’ అనుకునేవాళ్లు చాలామంది. చేయించుకోవడంలో తప్పు లేదు. కానీ అది కణాలను మాత్రమే చూసిన పరీక్ష కావచ్చు, హెచ్‌పీవీ చూసి ఉండకపోవచ్చు. పైగా ఇక్కడి పిలుపుల వ్యవస్థలో అది నమోదు కాదు. రిపోర్టు తెచ్చి జీపీకి చూపించండి, ఇక్కడి పిలుపును మాత్రం వదులుకోకండి.

గర్భసంచి తీయించుకున్నవాళ్ల సంగతి

దీనికి విడిగా చోటివ్వాలి. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. అదీ నలభై నిండకుండానే చాలామందికి. వాళ్లలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాళ్లు ‘నాకు గర్భసంచే లేదు, టెస్టు దేనికి?’ అని ఉత్తరాలు పక్కన పడేస్తారు. కొందరికి ఆ మాట నిజం, కొందరికి కాకపోవచ్చు. మూతితో సహా మొత్తం తీసేస్తే సాధారణంగా ఈ పరీక్ష అవసరం ఉండదు. పైభాగం మాత్రమే తీసి మూతి వదిలేసే ఆపరేషన్ కూడా ఉంది. అలాగైతే పరీక్ష కావాలి. ఏది చేశారో పేషెంటుకు చాలాసార్లు తెలియదు. డిశ్చార్జి సమ్మరీ దొరికితే ఫోటో తెప్పించి జీపీకి ఇవ్వాలి. దొరకకపోతే నర్సు ఒక్కసారి చూసి చెప్పగలదు. మూతి లేదని తేలితే రికార్డులో అలా రాయించుకుంటే పిలుపులు ఆగిపోతాయి. కణాల మార్పుల వల్లే ఆపరేషన్ జరిగి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, వాళ్లకు వేరే ఫాలోఅప్ ఉంటుంది.

ఇంకో మాట. ‘గర్భాశయ ముఖద్వారం’ అని స్లయిడ్ మీద రాస్తే పత్రిక చదివినట్టుంటుంది. ‘గర్భసంచి మూతి’ అంటే వెంటనే తెలుస్తుంది. బొమ్మ గీసి చూపిస్తే ఇంకా మంచిది.

ఫోను చేసేటప్పుడు ఏం అడగాలి

మీరు చేయగలిగిన వాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇక్కడే ఉంది. నమూనా తీసేది మగ డాక్టరేమో అన్న భయంతోనే చాలామంది ఫోన్ దాకా వెళ్లరు. నిజానికి ఎక్కువ చోట్ల ఈ పని చేసేది మహిళా నర్సే. అయినా బుక్ చేసేటప్పుడే ‘ఫీమేల్ నర్స్ ప్లీజ్’ అని చెప్పాలి, వెళ్లాక కాదు. మొదటిసారి అయితే, లేదా గతంలో నొప్పి పుట్టి ఉంటే, ‘డబుల్ అపాయింట్‌మెంట్’ కావాలని అడగాలి. పరీక్షకు ఐదు నిమిషాలు చాలు, కానీ హడావిడి ఉంటే ఒళ్లు బిగుసుకుపోతుంది.

భాష ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్‌ను అడగాలి. ఖర్చు ఉండదు. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది: రిసెప్షన్‌లో ‘ఇండియన్’ అని రాసుకుని హిందీ మనిషిని పెడతారు. ‘తెలుగు’ అని, ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా పలికి చెప్పి రాయించాలి. మహిళే కావాలని కూడా చెప్పాలి. ఎక్కువగా ఫోన్‌లోనే ఇంటర్‌ప్రెటర్ దొరుకుతారు. అది నిజానికి మంచిదే, గదిలో మూడో మనిషి ఉండరు. స్పీకర్ చాలు, వీడియో వద్దని చెప్పొచ్చు. భర్తనో, కొడుకునో, కూతుర్నో దుబాసీగా తీసుకెళ్లొద్దు. నర్సు అడిగే ప్రశ్నల్లో నెలసరి ఎప్పుడు, కలయిక తర్వాత రక్తం కనబడుతోందా, నొప్పి ఉందా వంటివి ఉంటాయి. పిల్లల ముందు ఎవరూ నిజం చెప్పరు, చెప్పని ఆ ఒక్క నిజమే ముఖ్యం కావచ్చు.

జీపీ సర్జరీ (ఇక్కడ డాక్టరు క్లినిక్‌ను అలా అంటారు) రిసెప్షన్‌లో తెలిసినవాళ్లు, సంఘంలో కనిపించేవాళ్లు పనిచేస్తుంటే చాలామంది అక్కడికి వెళ్లరు. విషయం బయట చెబితే వాళ్ల ఉద్యోగమే పోవచ్చు, గోప్యత నిబంధన అంత గట్టిది. అయినా మనసు ఒప్పుకోకపోతే చుట్టుపక్కల సర్జరీలు కలిసి నడిపే సాయంత్రం, శనివారం క్లినిక్కులు ఉంటాయి. కొన్ని ఊళ్లలో సెక్సువల్ హెల్త్ క్లినిక్కులలోనూ ఈ పరీక్ష చేస్తారు. పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవాల్సినవాళ్లకు, షిఫ్టుల్లో కేర్ హోముల్లో పనిచేసేవాళ్లకు ఈ సాయంత్రపు వేళలు ఎంతో అక్కరకొస్తాయి.

తేదీ ఎంచుకునేటప్పుడు నెలసరి రోజులు, వాటికి అటూ ఇటూ ఒకటి రెండు రోజులు వదిలేయాలి. రెండు రోజుల ముందు నుంచి లోపల పెట్టే మందులు, క్రీములు వాడకూడదు. గర్భిణులకు సాధారణంగా కాన్పయ్యాక పన్నెండు వారాల వరకు వాయిదా వేస్తారు. ఆ తర్వాత పసిబిడ్డతో తీరిక లేక మర్చిపోవడం మామూలే, అందుకే తేదీ ముందే ఫోన్లో పెట్టుకోవాలి. పరీక్ష తర్వాత ఒక రోజు కొద్దిగా రక్తపు చుక్క కనబడవచ్చు. ఇది నెలసరి కాదు. కానీ శ్రావణ శుక్రవారం ముందు రోజు పెట్టుకుంటే వ్రతం సంగతేమిటన్న బెంగతో అపాయింట్‌మెంట్ రద్దు చేస్తారు. పూజలు లేని వారం చూసుకుంటే గొడవే లేదు. ముస్లిం అక్కచెల్లెళ్లకు రంజాన్ నెల తప్పించి ఇవ్వడం కూడా ఇలాంటిదే.

గదిలో ఏం జరుగుతుంది

దీన్ని దాపరికం లేకుండా చెప్పాలి. తెలియని దాని మీద ఉండే భయం నొప్పికన్నా పెద్దది.

పొడవాటి కుర్తా వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా తేలిక. నడుము కింది బట్టలు మాత్రమే తీయాలి, కుర్తా మోకాళ్ల దాకా కప్పే ఉంటుంది. చీరైనా ఇబ్బంది లేదు. తెర వెనక మీరే సిద్ధమై పడుకున్నాక కప్పుకోవడానికి పేపర్ షీట్ ఇస్తారు. స్పెక్యులమ్ అనే ప్లాస్టిక్ పరికరాన్ని నెమ్మదిగా లోపల పెట్టి తెరుస్తారు. గర్భసంచి మూతి కనబడ్డాక మెత్తటి చిన్న బ్రష్‌ను ఐదు చుట్లు తిప్పుతారు. కణాలను ద్రవం ఉన్న సీసాలో వేస్తారు. అంతే. కోత లేదు, సూది లేదు. పిల్లలు పుట్టడానికి దీనివల్ల ఏ ఆటంకమూ లేదు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఈ ప్రశ్న అడగకపోయినా చెప్పండి, మనసులో ఉంటుంది.

నొప్పి ఎక్కువగా రెండు కారణాల వల్ల వస్తుంది: ఒళ్లు బిగబట్టడం, సరిపడని సైజు. స్పెక్యులమ్‌లో చిన్న సైజులు ఉన్నాయి, అడగొచ్చు. తానే పెట్టుకుంటానని అడగొచ్చు. వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుంటానని కూడా అడగొచ్చు. నర్సు ముఖం ఎదురుగా లేకపోవడం కొందరికి సిగ్గు తగ్గిస్తుంది. మూతి కనబడకపోతే పిడికిళ్లు నడుము కింద పెట్టుకోమంటారు, ఇదీ మామూలే. ‘ఆపండి’ అంటే ఆపేస్తారు, ఏ దశలోనైనా. తోడుగా ఒక స్నేహితురాలిని తీసుకెళ్లొచ్చు, సర్జరీ తరఫున ఒక మహిళను గదిలో ఉంచమనీ కోరొచ్చు.

ముట్లుడిగినవాళ్లకు లోపల పొడిబారి నొప్పిగా ఉంటుంది. ఒకసారి ఏడుస్తూ బయటికొచ్చినవాళ్లు మళ్లీ రారు, తోటివాళ్లకూ వద్దని చెబుతారు. వీళ్లు ముందుగా జీపీని అడిగితే కొన్ని వారాలు వాడటానికి ఈస్ట్రోజన్ క్రీమో, లోపల పెట్టుకునే మాత్రలో రాస్తారు. పరీక్షకు రెండు రోజుల ముందు ఆపేయాలి. ఇంత తేలికైన ఉపాయం చాలామందికి ఎవరూ చెప్పకపోవడం బాధాకరం. అలాగే పెళ్లయినా కలయిక సాధ్యపడనంతగా బిగుసుకుపోయే సమస్య ఉన్నవాళ్లు, గతంలో బలవంతానికి గురైనవాళ్లు ‘నాకు లోపలి పరీక్షంటే చాలా కష్టం’ అన్న ఒక్క వాక్యం చెబితే చాలు, కారణం చెప్పక్కర్లేదు. నర్సు నెమ్మదిగా, రెండు మూడు విడతల్లో చేస్తుంది.

రిజల్టు భాష

వందమంది చేయించుకుంటే దాదాపు 87 మందికి హెచ్‌పీవీ ఉండదు. మిగతా 13 మందిలో సుమారు 9 మందికి వైరస్ ఉన్నా కణాలు మామూలుగానే ఉంటాయి. వాళ్లను ఏడాది తర్వాత మళ్లీ పిలుస్తారు. నలుగురికి కణాల్లో మార్పులు కనిపిస్తాయి. వాళ్లను కాల్పోస్కోపీకి, అంటే భూతద్దం వంటి పరికరంతో చూసే పరీక్షకు పంపుతారు. ఆ నలుగురిలో కూడా ఎక్కువమందికి ఉన్నది క్యాన్సర్ కాదు. నమూనా చాలలేదని వస్తే మూడు నెలలకు మళ్లీ ఇవ్వాలి. అది జబ్బు లక్షణం కాదు.

‘నెగిటివ్’ అంటే చెడ్డ వార్త అనుకునేవాళ్లు, ‘అబ్‌నార్మల్’ అంటే క్యాన్సరే అనుకునేవాళ్లు ఉన్నారు. ఏడాది తర్వాత రమ్మన్నారంటే ‘ఏమీ లేదన్నమాట’ అని మానేసేవాళ్లు అన్నిటికన్నా ప్రమాదంలో ఉన్నవాళ్లు. నిజంగా కనిపెట్టి ఉండాల్సింది వాళ్లనే. కాల్పోస్కోపీ ఉత్తరం వచ్చిన మనిషి పక్కన కూర్చుని దాన్ని తెలుగులో చదివి చెప్పేవాళ్లు ఒకరుంటే ఎంత భారం దిగుతుందో చెప్పలేను.

అనువాదం ఒక్కటే చాలదు

ఇక్కడి ఇతర సమాజాల అనుభవం మనకు పాఠం. సిల్హెటీ మాట్లాడే బంగ్లాదేశీ పెద్దావిడలకు ప్రామాణిక బంగ్లాలో కరపత్రం ఇస్తే అది వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష కాదు, చదువు రానివాళ్లకు ఏ భాష కాగితమైనా ఒకటే. మీర్పూరీ మాట్లాడే పాకిస్తానీ మూలాలవాళ్లకు ఉర్దూ కరపత్రం కూడా అంతే. సోమాలీ ఆడవాళ్లలో చిన్నప్పుడే జననాంగ ఛేదనకు గురైనవాళ్లకు ఉన్న అడ్డు భాష కాదు, శరీరానిదే. వాళ్లకు ప్రత్యేక క్లినిక్కులు కావాలి. ‘మైనారిటీ ఆడవాళ్లు’ అని ఒక్క గాటన కట్టి ఒక్క కరపత్రం వేస్తే ఎవరికీ సరిపడదు. మనలో కూడా ఎమ్మెస్ చదివి వచ్చిన అమ్మాయికీ, మనవల్ని పెంచడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అరవై ఏళ్ల అమ్మమ్మకూ చెప్పాల్సిన మాటలు వేరు.

మీ తర్వాతి సమావేశం

సదస్సు వద్దు. ఆడవాళ్లే ఉండే పదిహేను ఇరవైమంది కూటమి చాలు. ఉగాది, బతుకమ్మ వేదికల మీద మధ్యలో పది నిమిషాల ప్రసంగం పెట్టొద్దు. భర్తలు, మామగార్లు హాల్లో ఉండగా ఎవరూ నోరు విప్పరు. ఫోటోలు తీయొద్దు, వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టొద్దు. ఒక్క ఫోటో బయటికెళ్తే వచ్చే ఏడాది సగంమంది రారు.

దగ్గర్లోని సర్జరీ నర్సును పిలవండి. ముఖ్యమైన షరతు: ఆ వారంలో ఆమె దగ్గర ఐదారు అపాయింట్‌మెంట్లు మీకోసం ఖాళీగా ఉంచమని సర్జరీ మేనేజర్‌తో ముందే మాట్లాడుకోండి. వాడని స్పెక్యులమ్, బ్రష్ తెమ్మనండి, చేతుల్లో తిప్పి చూడనివ్వండి. చిన్న సైజు ఎంత చిన్నదో చూశాక ముఖాల్లో మార్పు వస్తుంది. మాటలు అరగంట మించొద్దు. మిగతా గంట ఫోన్లు బయటికి తీయించండి: యాప్ పెట్టించడం, జీపీ దగ్గర చిరునామా సరిచూడటం, గడువు తేదీ కనుక్కోవడం, బుక్ చేయించడం. ప్రశ్నలు చీటీల మీద పేరు లేకుండా రాసి డబ్బాలో వేయమనండి. ‘భర్తకు చెప్పాలా?’ అన్న ప్రశ్న అందులోంచే వస్తుంది. జవాబు: చెప్పడం చెప్పకపోవడం ఆమె ఇష్టం, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. మూడు నెలల తర్వాత ఎంతమంది చేయించుకున్నారన్నదే లెక్క. రెండు వారాలకు ఒకసారి, ఒక్కొక్కరికి విడిగా, ‘తేదీ దొరికిందా?’ అని మాత్రమే అడగండి. రిజల్టు అడగొద్దు. రానని గట్టిగా చెప్పినవాళ్లను వదిలేయండి. ఎవరైనా ఇదివరకు భయంతో ‘ఇక పిలవొద్దు’ అని సంతకం చేసి ఉంటే, జీపీకి ఒక్క మాట చెప్పి ఎప్పుడైనా తిరిగి జాబితాలో చేరొచ్చని తెలియజేయండి.

నర్సు దగ్గరికి ససేమిరా వెళ్లనివాళ్లకు ఇంకో దారి తెరుచుకుంటోంది. ఏళ్ల తరబడి పరీక్షకు రానివాళ్లకు ఇంట్లోనే నమూనా తీసుకునే కిట్లు 2026 నుంచి ఇవ్వాలని ఇంగ్లండ్‌లో 2025 జూన్‌లో ప్రకటించారు. పొడవాటి దూదిపుల్లలాంటి దానితో యోని లోపలి నుంచి నమూనా తీసి పోస్టు చేయడమే, స్పెక్యులమ్ ఉండదు. మనవాళ్లలో చాలామందికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక్క సంగతి ముందే చెప్పాలి: ఆ నమూనాతో వైరస్ ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది, కణాలను చూడలేరు. వైరస్ ఉందని వస్తే అప్పుడు నర్సు దగ్గరికి వెళ్లక తప్పదు. ఆ రెండో మెట్టు తెలియక కిట్ చేసి ఊరుకుంటే చేసిందంతా వృథా. మీ జీపీ దగ్గర మీ సభ్యుల్లో ఎవరికి ఆ కిట్ వర్తిస్తుందో అడగండి.

కూతుళ్ల సంగతి: బడిలో ఇయర్ 8లో (12–13 ఏళ్ల వయసులో) హెచ్‌పీవీ టీకా ఇస్తారు, 2023 సెప్టెంబరు నుంచి ఒక్క డోసే. ఆ సంతకాల కాగితం ‘ఇంత చిన్నపిల్లకా?’ అని పక్కన పెట్టేయొద్దు, వైరస్ సోకకముందు వేస్తేనే దానికి ఎక్కువ ఫలితం. ఆ వయసు దాటాక వలస వచ్చిన అమ్మాయిలు 25వ పుట్టినరోజు లోపు జీపీ దగ్గర అడిగి వేయించుకోవచ్చు. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్షకు వెళ్లాల్సిందే.

చివరిగా, మీ సమావేశంలో ఎవరైనా పక్కకు పిలిచి ‘కలయిక తర్వాత రక్తం పడుతోంది’, ‘ముట్లుడిగి మూడేళ్లయ్యాక మళ్లీ కనబడింది’, ‘నెలసరుల మధ్యలో రక్తం వస్తోంది’, ‘వాసనతో తెల్లబట్ట ఆగడం లేదు’ అంటే వాళ్లను స్మియర్ టెస్ట్ వరసలో నిలబెట్టొద్దు. పోయినసారి రిజల్టు బాగుందన్న ధీమా కూడా వద్దు. స్మియర్ టెస్ట్ ఏ లక్షణాలూ లేనివాళ్లకు. లక్షణాలున్నవాళ్లు ఆ వారంలోనే జీపీకి ఫోన్ చేసి, ఏం కనబడుతోందో సూటిగా చెప్పి, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అవసరమైతే మీ ఎదుటే చేయించండి.